సేలం స్ట్రీట్‌లో శనగపిండి వాసన

మొన్న ఆగస్టు ఆఖర్లో మా అమ్మాయిని కాలేజీలో దింపడానికి బోస్టన్ వెళ్ళాం. హాస్టల్ గదిలో సామాన్లు సర్దేసరికి సాయంత్రం నాలుగు దాటింది. మా వారు నడుం పట్టేసిందని హోటల్‌కి వెళ్ళిపోయారు. నేనూ, అమ్మాయీ రైలెక్కి హేమార్కెట్ స్టేషన్లో దిగాం. "నువ్వు పుట్టినప్పుడు మనం ఉన్న ఇల్లు చూపిస్తాను రా" అన్నాను. దానికి ఏడాది నిండకుండానే ఆ ఊరు వదిలి న్యూజెర్సీ వచ్చేశాం. దానికి అక్కడివేవీ గుర్తుండే అవకాశం లేదు.

సేలం స్ట్రీట్‌లోకి తిరిగి పది అడుగులు వేశామో లేదో, తెరిచి ఉన్న ఓ వంటింటి కిటికీలోంచి వాసన వచ్చింది. కాగిన నూనెలో శనగపిండి వేగుతున్న వాసన. అచ్చం మన బజ్జీల వాసనే, కాకపోతే అందులో వాము ఉండదు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏమైందమ్మా?" అంది అమ్మాయి.

"నోన్నా" అన్నాను. ఇంకో మాట రాలేదు.

* * *

పెళ్ళయిన రెండు నెలలకి తణుకు నుంచి తిన్నగా ఆ వీధిలోకి వచ్చాను. అంతకుముందు నేను చూసిన పెద్ద ఊరు విజయవాడ. మా వారి ఆఫీసు డౌన్‌టౌన్‌లో. నడిచి వెళ్ళొచ్చని అక్కడ ఇల్లు తీసుకున్నారు. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. చెక్క మెట్లు మలుపు మలుపుకీ ఇరుకైపోయేవి. ఒకటిన్నర గది, వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు. ఫోన్లో అమ్మకి అడ్రసు చెబితే, "సేలమా? మద్రాసు అవతల ఉంది, ఆ సేలమా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ వీధి ఉన్న నార్త్ ఎండ్ అంటే బోస్టన్ రేవుని ఆనుకుని ఉన్న చిన్న పేట. ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే పావుగంట. అమెరికా పుట్టకముందు నుంచీ ఉన్న పేట అది. అమెరికా స్వాతంత్ర్య పోరాట వీరుడు పాల్ రెవీర్ ఇల్లు, 1680 ప్రాంతంలో కట్టింది, అక్కడే ఉంది. 1775లో ఇంగ్లీషు సైన్యం బయల్దేరిందని రెండు లాంతర్లు వెలిగించి కబురందించిన ఓల్డ్ నార్త్ చర్చి కూడా అక్కడే. టూరిస్టులు వాటికోసం వస్తారు. కానీ అక్కడ కాపురం ఉన్నవాళ్ళ కథ వేరు. ముందు ఐరిష్ వాళ్ళు, తర్వాత యూదులు, ఆ తర్వాత ఇటలీ వాళ్ళు. 1860ల నుంచీ జెనోవా వాళ్ళు కొద్దికొద్దిగా రావడం మొదలైంది. ఆ వెనక నేపుల్స్ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, అవెల్లీనో వాళ్ళు, సిసిలీ జాలర్లు ఓడలకొద్దీ దిగారు. ఒక ఊరి వాళ్ళంతా ఒకే వీధిలో ఉండేవారట. అవతలి వీధి మనిషి మాట్లాడే యాస ఇవతలి వీధి వాళ్ళకి అర్థమయ్యేది కాదట. పాల్ రెవీర్ ఇల్లు కూడా ఒకప్పుడు వలస వచ్చినవాళ్ళు అద్దెకుండే కొంపే, కింద అంగళ్ళు ఉండేవి. 1908లో బాగుచేసి మ్యూజియం చేశారు.

ఇవన్నీ తర్వాత తెలిసినవి. వచ్చిన కొత్తలో నాకు తెలిసిందల్లా చప్పుళ్ళే. తెల్లవారుజామున చెత్త బండి ఇరుకు సందులో వెనక్కి వచ్చే మోత. ఓల్డ్ నార్త్ చర్చి గంటలు. ఎనిమిది గంటలు ఒకదాని వెనక ఒకటి దొర్లుతున్నట్టు మోగుతాయి. 1744లో ఇంగ్లండులో పోతపోసి తెచ్చారట. ఎదురు మేడల్లోని ఆడవాళ్ళు కిటికీలోంచి కిటికీలోకి పెట్టుకునే కేకలు. అర్థరాత్రి దాటాక ప్రిన్స్ స్ట్రీట్ మూలన ఉన్న బోవా బేకరీ నుంచి రొట్టె కాలుతున్న వాసన. నిద్రపట్టని రాత్రుళ్ళు ఆ వాసన కోసమే కిటికీ కాస్త తెరిచి పెట్టేదాన్ని.

హెచ్-4 వీసా మీద వచ్చిన భార్యలకి అప్పట్లో ఉద్యోగం చేసే వీలు లేదు. 2015లో గానీ కొందరికైనా ఆ అవకాశం రాలేదు. ఎమ్మెస్సీ చదివి, ఉదయం ఎనిమిదింటికి ఆయన వెళితే రాత్రి ఏడింటి దాకా గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. ఫోన్ కార్డు అయిపోతుందని అమ్మతో కూడా గడియారం చూసుకుంటూ మాట్లాడాలి. ఆ మొదటి చలికాలం ఎంత బరువుగా గడిచిందో, ఆ వీసా మీద వచ్చిన ఏ అమ్మాయిని అడిగినా చెబుతుంది.

* * *

ఆవిడ మా కింద, రెండో అంతస్తులో ఉండేది. డెబ్భై దాటిన మనిషి. నల్ల గౌను, నల్ల స్వెట్టరు, పాదాలకి నల్ల మేజోళ్ళు. భర్త పోయి పదిహేనేళ్ళయినా రంగు బట్ట కట్టలేదు. కూరగాయలు తెచ్చే కుర్రాడు వీధిలోంచి పిలిస్తే, కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట కిందకి వదిలేది. అందులో డబ్బులుండేవి. కుర్రాడు డబ్బు తీసుకుని సరుకు పెడితే రెండు చేతులా పైకి లాక్కునేది. మొదటిసారి అది చూసి కిటికీ దగ్గరే నిలబడిపోయాను. విజయవాడలో మా పిన్ని కూడా మూడో అంతస్తు నుంచి సంచీకి తాడు కట్టి అచ్చం ఇలాగే ఆకుకూరలు తీసుకునేది.

మేడ వెనక ఇనప మెట్ల మీద ఆవిడ టమాటా డబ్బాల్లో మొక్కలు పెంచేది. ఒకరోజు చెత్త పడేయడానికి అటు వెళుతూ వాసన తగిలి ఆగాను. తులసి అనుకున్నాను. వంగి చూస్తే ఆకు పెద్దది, లేతగా నిగనిగలాడుతోంది. చెయ్యి జోడించాలో వద్దో తెలియక అలా నిలబడి ఉంటే వెనకనుంచి ఏదో అంటూ వచ్చింది. ఓ ఆకు తుంచి, అరచేతుల మధ్య నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. "బజిలికో" అంది. నేను "తులసి" అన్నాను. "తుల్సీ, తుల్సీ" అని రెండుసార్లు అనుకుని, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషూ తక్కువే, నాకు నోరు పెగిలే ఇంగ్లీషూ తక్కువే. అది ఇద్దరికీ మంచిదే అయింది. తప్పు మాట్లాడతామేమోనన్న భయం ఇద్దరికీ లేదు.

మనవలు పిలిచినట్టే నేనూ 'నోన్నా' అనేదాన్ని. అంటే అమ్మమ్మ, నానమ్మ, ఏదైనా అదే మాట. ఆవిడ నన్ను 'ఫిగ్గియ మియ' అనేది. సిసిలీ భాషలో 'నా బిడ్డా' అని.

సిసిలీ దక్షిణ తీరంలో షాక్కా అనే ఊరు ఆవిడది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెళ్ళి చేసుకుని ఓడలో వచ్చింది. భర్త చేపల పడవ మీద పనిచేసేవాడు. ఆవిడ కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు మెషిన్ తొక్కింది. కుడి చేతి చూపుడు వేలికి సూది దిగిన మచ్చ ఉండేది. కాఫీ కప్పు పట్టుకున్నప్పుడల్లా నా కళ్ళు దాని మీదకే పోయేవి.

* * *

శుక్ర, శనివారాల్లో హేమార్కెట్ సంత. దానికి వెళ్ళాలంటే అప్పట్లో హైవే కింద నుంచి నడవాలి. 1950లలో ఊరి మధ్యనుంచి ఉక్కు స్తంభాల మీద ఎత్తుగా వేసిన రోడ్డు అది. దానికోసం వందల ఇళ్ళు, కొట్లు పడగొట్టారు. నార్త్ ఎండ్ మిగతా ఊరికి దూరమైపోయింది. మేం ఉన్నప్పుడు ఆ రోడ్డుని భూమి కిందకి దించే పని నడుస్తోంది. బిగ్ డిగ్ అనేవారు. పగలంతా డ్రిల్లింగ్, రాత్రంతా క్రేన్లు. తాత్కాలికంగా వేసిన చెక్క దారుల మీద నోన్నా రెండు చక్రాల బండి లాక్కుంటూ నాకంటే ముందు నడిచేది. ఇక్కడ ఫలానా వాళ్ళ ఇల్లు, ఇక్కడ కోళ్ళ కొట్టు, ఇక్కడ నేను మొదట అద్దెకున్నది, అని ఖాళీ గాలిలోకి చెయ్యి చూపిస్తూ చెప్పేది.

సంతలో పళ్ళు ముట్టుకోనిచ్చేవారు కాదు. ముట్టుకుంటే కేకలేసేవారు. బెండకాయ కొస విరిచి చూసి కొనే అలవాటు మనది. ఆ కేకలకి నాకు ఏడుపొచ్చేది. నోన్నా మాత్రం ఒక్కో వంకాయనీ చేత్తో పట్టుకుని, బరువు చూసి, తొడిమ దగ్గర నొక్కి ఏరేది. ఎవరూ నోరెత్తేవారు కాదు. వంకాయని చూసే ఆ పద్ధతి ముమ్మూర్తులా మా నానమ్మదే. ఆ వంకాయలతో కపొనాటా చేసేది. ముక్కలు నూనెలో వేయించి, టమాటా, సెలెరీ, ఆలివ్ కాయలు, వెనిగర్, కాస్త పంచదార. పులుపూ తీపీ కలిసి మన వంకాయ పులుసు పచ్చడికి దూరపు చుట్టంలా ఉండేది. నేను అన్నంలో కలుపుకు తింటే కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. తర్వాత్తర్వాత తనే నాకోసం అన్నం వండి పెట్టేది.

ఇండియన్ కొట్టుకి వెళ్ళాలంటే రైలూ బస్సూ మారాలి. శనగపిండి అయిపోయిందని ఒకరోజు అంటే, ఆవిడ బీరువాలోంచి కాగితం పొట్లం తీసింది. విప్పి చూస్తే శనగపిండే. నా మొహం చూసి ఆవిడ, ఆవిడ మొహం చూసి నేను. మాకు అది బజ్జీ. వాళ్ళకి పనెల్లె.

చేయడం కళ్ళారా చూశాను. పిండిని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా చేత్తోనే కలిపింది. ఉప్పేసి, మందపాటి గిన్నెలో సన్న సెగ మీద పెట్టి కర్ర గరిటెతో తిప్పడం మొదలుపెట్టింది. ఒకే వైపు, ఆపకుండా. ముందు పలచగా పాలలా ఉంటుంది. తర్వాత మజ్జిగపులుసు, ఆ తర్వాత గంజి. ఒక దశలో గరిటె బరువెక్కుతుంది. బుడగలు పైకి వచ్చి 'పుట్' 'పుట్'మని పేలుతాయి, చేతి మీద పడితే కాలుతుంది. అప్పుడు ఆపకూడదు. ముద్దంతా గిన్నె అంచుల్ని వదిలి గరిటె చుట్టూ తిరగడం మొదలుపెట్టాక, తరిగిన పార్స్లీ వేసి దించింది. వేడిగా ఉండగానే పింగాణీ ప్లేట్ల వెనకవైపు కత్తితో పలచగా పూసింది. చల్లారాక అంచు పట్టుకుని లాగితే పల్చటి రొట్టెలా ఊడి వచ్చింది. నాలుగు ముక్కలు చేసి నూనెలో వేస్తే ఉబ్బి బంగారం రంగు తిరిగాయి. నిమ్మకాయ పిండి, నువ్వులు అద్దిన బన్నులో పెట్టి నా చేతిలో పెట్టింది.

"ఎంతసేపు తిప్పాలి నోన్నా?" అని అడిగాను. గడియారం వైపు చూడలేదు. తన కుడి భుజం మీద చేత్తో రెండుసార్లు తట్టింది. ఇక్కడ నొప్పి పుట్టేదాకా, అని.

మర్నాడు నేను మిరపకాయ బజ్జీలు పట్టుకెళ్ళాను. కారానికి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా మూడు తింది. వాము ఆవిడకి కొత్త. కొంచెం ఇమ్మని అడిగి చిన్న సీసాలో పోసుకుని, మూత మీద 'ఇండియా' అని రాసి పెట్టుకుంది.

* * *

ఒకసారి రైల్లో ఓ మనిషి నా మొహంలోకి వంగి, మీ దేశానికి పొమ్మని అరిచాడు. న్యూయార్క్‌లో టవర్లు కూలి ఎంతో కాలం కాలేదు. రంగు చూస్తే చాలు, ఎవరని అడిగేవారు కాదు. వణుకుతూ వచ్చి మేడ మెట్ల మీద కూలబడ్డాను. కింద చెప్పులు కుట్టే కొట్టు ఉండేది. ఆ తాత బయటికి వచ్చి నీళ్ళిచ్చాడు. ఆయన అక్కడే పుట్టి పెరిగినవాడు.

ఆయన నన్ను ఓదార్చలేదు. హానోవర్ స్ట్రీట్ దాకా నడిపించి ఓ కథ చెప్పాడు. సాకో, వాంజెట్టి. ఒకాయన చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడు, ఒకాయన చేపలమ్ముకునేవాడు. హత్య, దోపిడీ కేసులో 1920లో పట్టుకున్నారు. ఇటలీ వాళ్ళు, పైగా అనార్కిస్టులు, అంటే ప్రభుత్వాలే వద్దనేవాళ్ళు. ప్రపంచమంతా మొత్తుకున్నా 1927 ఆగస్టు 23న కరెంటు కుర్చీలో కూర్చోబెట్టారు. శవాల్ని ఈ వీధిలోనే ఉంచితే జనం బారులు తీరి చూశారు. వానలో మైళ్ళ తరబడి ఊరేగింపు నడిచింది. యాభై ఏళ్ళ తర్వాత, 1977లో, ఆ రాష్ట్ర గవర్నర్ డుకాకిస్ వాళ్ళకి న్యాయమైన విచారణ జరగలేదని ప్రకటించాడు. "మా నాన్న ఆ వానలో నడిచాడు" అన్నాడు తాత. "నిన్ను ఇవాళ ఎలా చూశారో నాకు తెలుసు" అని కూడా అన్నాడు.

మొలాసిస్, అంటే పంచదార తీశాక మిగిలే చిక్కటి పాకం, దాని సంగతి కూడా ఆయనే చెప్పాడు. కమర్షియల్ స్ట్రీట్ పక్కన, రేవు ఒడ్డున, యాభై అడుగుల ఎత్తు ఉక్కు ట్యాంకు ఉండేది. 1919 జనవరి 15, మధ్యాహ్నం భోజనాల వేళ అది పగిలింది. ఇరవై మూడు లక్షల గ్యాలన్ల మొలాసిస్ మేడెత్తు అలలా లేచి వీధిలోకి వచ్చింది. ఇళ్ళు పునాదుల నుంచి లేచిపోయాయి. గుర్రాలు అందులోనే ఊపిరాడక చచ్చిపోయాయి. 21 మంది పోయారు, 150 మందికి దెబ్బలు తగిలాయి. పోయినవాళ్ళలో ఇద్దరు పదేళ్ళ పిల్లలు. ట్యాంకు కట్టిన దగ్గర్నుంచీ కారుతూనే ఉండేది, చుట్టుపక్కల పిల్లలు డబ్బాలు తెచ్చి పట్టుకుపోయేవారు. కారడం కనబడకుండా గోధుమరంగు వేశారు గానీ బాగుచెయ్యలేదు. పగిలాక, ఇటలీ అనార్కిస్టులు బాంబు పెట్టారని కంపెనీ వాళ్ళు వాదించారు. ఏళ్ళ తరబడి విచారణ జరిగి, ట్యాంకు బలహీనంగా కట్టడమే కారణమని తేలింది.

"చిన్నప్పుడు ఎండలు ముదిరితే గోడల్లోంచి తియ్యటి వాసన వచ్చేది" అన్నాడు.

నాకు ఆ వాసన తెలుసు. ఆ వీధిలో ఇంకెవరికీ తెలియనంత తెలుసు. మా తణుకు షుగర్ ఫ్యాక్టరీ ఊరు. నాన్నగారు పనిచేసింది అందులోనే. క్రషింగ్ సీజన్ మొదలైతే ఊరంతా ఆ మాగిన, కాస్త పులిసిన తీపి వాసన. ఆరేసిన బట్టలకి పట్టేది. స్కూలు నుంచి వస్తూ చెరకు బళ్ళ వెనక పరిగెత్తి గడలు లాక్కునేవాళ్ళం. నాన్నగారు సాయంత్రం గుమ్మంలోకి రాగానే చొక్కా నుంచి అదే వాసన. డబ్బాలు పట్టుకుని ట్యాంకు దగ్గరకి వెళ్ళిన ఆ పిల్లలు నాకు పరాయి పిల్లల్లా అనిపించలేదు. ఇప్పుడక్కడ ఓ పార్కూ, బంతులాడుకునే ముసలాళ్ళూ, ప్రమాదం జరిగిన చోట చిన్న పలకా ఉన్నాయి. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నిలబడి ఊపిరి గట్టిగా పీల్చేదాన్ని. నాకైతే ఏ వాసనా రాలేదు.

* * *

డిసెంబర్లో ఓ తెల్లవారుజామున అన్నయ్య ఫోన్ చేశాడు. నాన్నగారు నిద్రలోనే పోయారు.

నాకు ఎనిమిదో నెల. విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టర్ ముందే గట్టిగా చెప్పింది. మా వారు టికెట్ల కోసం, ఫోన్ల కోసం తిరుగుతున్నారు. నేను వంటింటి నేల మీద కూర్చుని ఉన్నాను. ఏడుపు రావడం లేదు. బయట మంచు కురుస్తోంది. ఏదో ఒకటి చేయాలి కదా అని లేచి స్టవ్ మీద గిన్నె పెట్టాను.

తలుపు తోసుకుని నోన్నా వచ్చింది. మెట్ల మీద ఆయన చెప్పి ఉంటారు. చేతుల్లో గుడ్డ కట్టిన గిన్నె. తిన్నగా స్టవ్ దగ్గరికి వెళ్ళి మంట ఆర్పేసింది. "ఇవాళ వద్దు" అంది. "ఇవాళ నీ ఇంట్లో నిప్పు వెలగకూడదు."

నేను తల తిప్పి చూశాను. చావింట్లో పొయ్యి వెలిగించకూడదని, ఇరుగుపొరుగు అన్నం వండి తెస్తారని ఆవిడకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వాళ్ళకీ అంతే. దాన్ని 'కున్సులు' అంటారట. సిసిలీలో మనిషి పోయిన ఇంటికి పక్కవాళ్ళు భోజనం పట్టుకెళ్ళడం. తెచ్చిన దాన్ని ఇంటివాళ్ళు వద్దనకూడదు. ఆవిడ మొగుడు పోయినప్పుడు ఆ మేడలోవాళ్ళే రోజుల తరబడి వంతులేసుకుని తెచ్చారట.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆవిడ నేల మీద నా పక్కనే కూర్చుని, నా తల తన ఒళ్ళో పెట్టుకుని, సిసిలీ భాషలో ఏదో రాగం తీస్తూ తనూ ఏడ్చింది. నాన్నగారిని ఆవిడ ఫోటోలో తప్ప చూడలేదు. మా ఊళ్ళో అమ్మలక్కలు శవం చుట్టూ కూర్చుని పోయినవాళ్ళ గుణాలు చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ రాగం కూడా అలాగే ఉంది. గిన్నెలో చిక్కుళ్ళ సూపు, బ్రెడ్డు. చెంచాతో తనే తినిపించింది. "మాంజ, ఫిగ్గియ మియ. లోపల పాప ఉంది."

పది రోజులు నేను పొయ్యి వెలిగించలేదు. రెండో అంతస్తు నుంచి, మూడో అంతస్తు నుంచి, ఎదురు మేడ నుంచి కూడా గిన్నెలొచ్చాయి. పదో రోజు నన్ను సెయింట్ లెనార్డ్ చర్చికి తీసుకెళ్ళి, నాన్నగారి పేరు ఎలా పలకాలో మెట్ల మీద నాలుగుసార్లు చెప్పించుకుని, ఆయన కోసం కొవ్వొత్తి వెలిగించింది. ఆ చర్చిని ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళే చందాలేసుకుని కట్టుకున్నారు. ఇండియాలో అన్నయ్య గోదావరి ఒడ్డున చేయాల్సింది చేస్తున్న రోజు అదే. నాకు అక్కడ దొరికింది ఆ కొవ్వొత్తే. నేను దాన్ని తక్కువ అనుకోను.

* * *

అమ్మాయి పుట్టాక ముందు చూసినవాళ్ళలో ఆవిడ ఒకరు. దిష్టి తగలకుండా చిన్న ఎర్ర కొమ్ము బొమ్మ తెచ్చి ఊయలకి కట్టింది. నేను అప్పటికే బుగ్గన చుక్క పెట్టాను. అది చూసి తృప్తిగా తలూపింది.

ఆ జూలైలో ఇటలీ ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచింది. పిల్లని ఎత్తుకుని హానోవర్ స్ట్రీట్ చివర నిలబడ్డాం. వీధంతా జెండాలే, కార్లకి ఒక్క అంగుళం చోటు లేదు. చెప్పుల తాత నడిరోడ్డు మీద నిలబడి టోపీ తీసి ఏడ్చాడు.

అంతకుముందు ఆగస్టులో చూసిన జాలర్ల పండగ మాత్రం ఇంకా కళ్ళకి కట్టినట్టు ఉంది. షాక్కా నుంచి వచ్చిన జాలర్లు 1910 నుంచీ చేస్తున్న పండగ. మేరీమాత విగ్రహాన్ని భుజాల మీద మోసుకుని వీధి వీధీ తిప్పుతారు. ఇంటింటి ముందూ ఆపుతారు. జనం డాలర్ నోట్లు తెచ్చి విగ్రహం రిబ్బన్లకి పిన్నులతో గుచ్చుతారు. ముందు బ్యాండు మేళం. మా ఊరి గోస్తనీ గట్టున అమ్మవారి జాతరకి గరగలు వచ్చినప్పుడు అమ్మ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో బిందెతో నిలబడేది. నోన్నా కూడా అలాగే, ఆ ఒక్కరోజు నల్ల గౌను మీద బంగారు పిన్ను పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ఆఖరి రోజు రాత్రి నార్త్ స్ట్రీట్‌లో ఇసకేస్తే రాలనంత జనం. పై అంతస్తు కిటికీలోంచి దేవదూత వేషం కట్టిన చిన్నపిల్లని తాళ్ళతో గాల్లోకి వదిలారు. తెల్ల గౌను, రెక్కలు. వీధి మధ్యలో, అందరి తలల మీదుగా, చేతులు చాపి మెల్లగా తేలుతూ వచ్చింది. అంత గోలా ఒక్కసారి ఆగిపోయింది. ఆ పిల్ల సన్నటి గొంతుతో ఇటాలియన్‌లో అమ్మవారికి ప్రార్థన చెప్పింది. ఒకచోట మాట తడబడింది. కింద నుంచి ముసలాళ్ళు ఆ మాట అందించారు, పదిమంది ఒక్కసారే. నోన్నా పెదాలు పిల్లతో పాటు కదులుతూనే ఉన్నాయి. చిన్నప్పుడు ఊళ్ళో ఆవిడకి ఆ ప్రార్థన మొత్తం వచ్చునట. పిల్ల పైకి వెళ్ళిపోగానే అన్ని మేడల మీద నుంచీ రంగు కాగితాలు వానలా పడ్డాయి. ఆవిడ జుట్టులో చిక్కుకున్న కాగితాలు నేను ఒక్కొక్కటీ తీస్తుంటే, ఉండనీ అన్నట్టు చెయ్యి పట్టుకుంది.

* * *

మేం వెళ్ళిపోయాక కొన్నేళ్ళు క్రిస్మస్‌కి కార్డు వచ్చేది. మనవరాలి చేతిరాత, కింద ఆవిడ వణుకుతూ పెట్టిన సంతకం. ఒక ఏడాది రాలేదు. తర్వాత మనవరాలు ఫోన్ చేసి చెప్పింది. సంసారం, ఉద్యోగం, రెండో పిల్లాడు. వెళ్ళాల్సిన టైంలో వెళ్ళలేదు. ఆ ఇంటికి గిన్నె పట్టుకెళ్ళాల్సినదాన్ని నేను. అది నా మనసులో అలాగే ఉండిపోయింది.

మొన్న చూస్తే హైవే ఉన్న చోట పచ్చిక, పూల మొక్కలు, నీళ్ళలో ఆడుకుంటున్న పిల్లలు. మా మేడకి కొత్త రంగు, తలుపుకి నంబర్లు నొక్కే తాళం. చెప్పుల కొట్టు లేదు. నోన్నా పిల్లలు ఎప్పుడో మెడ్‌ఫర్డ్ వెళ్ళిపోయారు. ఆ వీధుల్లో పుట్టినవాళ్ళు చాలామంది అలాగే చుట్టుపక్కల ఊళ్ళకి చేరిపోయారు, పండగలకి మాత్రం వస్తారు. మేం వెళ్ళింది సెయింట్ ఆంటోనీ పండగ రోజే. మోంటెఫాల్చోనే అనే ఊరి వాళ్ళు 1919లో మొదలుపెట్టిన పండగ. ఎండికాట్ స్ట్రీట్‌లో నా పక్కన ఓ ముసలాయన మనవడికి ఒక కిటికీ చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. నేను మా అమ్మాయికి చూపించినట్టే.

విగ్రహం ఊరేగింపు మా ముందు ఆగింది. పర్సులోంచి రెండు డాలర్ నోట్లు తీశాను. ఒకటి నాన్నగారి పేరున, ఒకటి ఆవిడ పేరున. అమ్మాయి పిన్నులు అందుకుని తనే గుచ్చింది.

మొన్న ఆదివారం హాస్టల్ వంటింట్లోంచి వీడియో కాల్ చేసింది. ఎవరిదో మందపాటి గిన్నె, ఇండియన్ కొట్టు శనగపిండి, చేతిలో కర్ర గరిటె. పక్కన ఇద్దరు స్నేహితురాళ్ళు తొంగిచూస్తున్నారు.

"అమ్మా, గరిటె బరువెక్కింది. ఇంకా ఎంతసేపు తిప్పాలి?"

ఫోన్ ముందు నేను కుడి భుజం మీద రెండుసార్లు తట్టాను.